తిరగేసి కుట్టిన ఖాకీ

నా చిన్నప్పుడు నేను దేవుణ్ణి గట్టిగా కోరుకున్నది ఒక్కటే, దర్జీ మామ కొడుకుగా పుట్టి ఉంటే బాగుండునని. ఈ మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పొద్దున్నే నుదుట తిరునామం దిద్దుకుని బడికి పోయే ఇంటి పిల్లవాడు, ఒక సాయిబు కొడుకును చూసి కుళ్ళుకుంటాడని ఎవరూ అనుకోరు. అందుకే నేను చేసిన పనిని కూడా ఎవరూ అనుమానించలేదు. ఇప్పుడు నాకు యాభై నాలుగేళ్ళు. మొన్నమొన్నటిదాకా మా ఊళ్ళో ఆ సంగతిని తప్పుగానే చెప్పుకుంటున్నారు. ఆ తప్పు నా నోటినుంచి బయలుదేరింది కాబట్టి, దాన్ని సరిదిద్దడం కూడా నా పనే అనుకుని ఇది రాస్తున్నాను.

ఊరి పేరు రాయను. పూతలపట్టు దగ్గర బస్సు మారి ఐరాల వైపు పోయేవాళ్ళకు మా బజారు తగులుతుంది. బజారుకు ఒక చివర మా ఇల్లు, ఇంకో చివర పోలీసు స్టేషను, రెంటికీ నడుమ దర్జీ మామ కొట్టు. ఒక తొక్కుడు మిషను, ఒక బల్ల, గోడకు వరసగా కొట్టిన మేకులు. ఆ మేకులకు ఎప్పుడూ ఖాకీ చొక్కాలే వేలాడేవి. మా స్టేషనులో కానిస్టేబులు మొదలు ఎస్సై దాకా అందరి బట్టలూ ఆయనే కుట్టేవాడు. వాళ్ళు ఆయన్ను "మాస్టరూ" అని పిలిచేవారు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఖాకీ గుడ్డ కత్తిరించాక మిగిలిన ముక్కలన్నిటినీ, వేలెడంత పీలికను కూడా వదలకుండా, చుట్ట చుట్టి దారంతో కట్టి, కుట్టిన బట్టలతో పాటే తిరిగి ఇచ్చేసేవాడు. మేం పిల్లలం గాలిపటాల తోకల కోసం పీలికలు అడగడానికి పోతే పూల గుడ్డలు, చారల గుడ్డలు దోసిలి నిండా ఇచ్చేవాడు. ఖాకీ మాత్రం పోగు కూడా ఇచ్చేవాడు కాదు. "అది నాది కాదు నాయనా" అనేవాడు. నేనది ఆయన గొప్ప అనుకునేవాణ్ణి. గొప్ప కాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఎవరూ అడగని సంజాయిషీని ఆయన ప్రతిసారీ ముందుగానే ఇచ్చుకుంటూ ఉండేవాడు.

ఆయన కొడుకూ నేనూ ఒకే తరగతి. బడి వదలగానే వాడు కొట్లోకి పోయి కాజాలు కుట్టేవాడు. నేను కొట్టు మెట్టు మీద కూర్చునేవాణ్ణి. బట్టలు వేసి చూసుకోవడానికి వచ్చిన కానిస్టేబుళ్ళు తమ టోపీ తీసి వాడి తలమీద పెట్టి, "ఏం చిన్న ఎస్సై, లా అండ్ ఆర్డర్ ఎట్లుండాది?" అని సెల్యూట్ కొట్టేవారు. వాడు గుండీ నోట్లో పెట్టుకుని ఏమాత్రం నవ్వకుండా, "కంట్రోల్లో ఉండాది" అనేవాడు. అందరూ పగలబడి నవ్వేవారు. ఒకరోజు నేను కూడా తల ముందుకు చాపాను. "నువ్వు చిన్నసామివి, నీకెందుకప్పా టోపీ? నామం చెరిగిపోతాది" అని ఆ కానిస్టేబులు టోపీ తన తలమీదే పెట్టుకుని పోయాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

టోపీ ఒక్కటే అయితే మరచిపోయేవాణ్ణేమో. మా తాతయ్య వాడి దస్తూరి చూసి, బంధువులకు రాసే ఉత్తరాల మీద చిరునామాలు వాడి చేతనే రాయించేవాడు. మా నాయనకు తిరుపతిలో ఉద్యోగం, శనివారం వచ్చి ఆదివారం సాయంత్రానికి వెళ్ళిపోయేవాడు. వాడికి నాయన ఎప్పుడూ ఎదురుగానే ఉండేవాడు, మిషను తొక్కుతూ, మధ్యమధ్యలో పళ్ళతో దారం తెంపుతూ. మెట్టు మీద కూర్చుని నేను చూసింది ఖాకీని కాదు, ఆ ఇద్దరినీ అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ ఏడు బడి వార్షికోత్సవానికి మా తెలుగు అయ్యవారు ఒక చిన్న నాటకం రాశారు. ఒక పోలీసు, ఒక దొంగ. దొంగ చివర్లో నిజం ఒప్పుకుని మారిపోతాడు. నేను గట్టిగా చదువుతాను కనుక పోలీసు వేషం నాదే అన్నారు. మాటలన్నీ రెండు రోజుల్లో వచ్చేశాయి. మూడో రోజు వాడు చెయ్యి ఎత్తి, "అయ్యవారూ, మా అబ్బా పోలీసు డ్రస్సు కుట్టిస్తానన్నాడు" అన్నాడు. అయ్యవారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే బట్టలుండేవాడే పోలీసు. నువ్వు దొంగ వెయ్యరా" అన్నారు నన్ను చూసి. వాడు సంతోషంగా నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు పరిగెత్తు, నేను పట్టుకుంటా" అన్నాడు. వాడి మాటలో కల్మషం లేదు. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

ఆ బట్టలు ఎలా తయారయ్యాయో నేను కళ్ళారా చూశాను. మా వీధిలోనే ఉండే రిటైరైన హెడ్ కానిస్టేబులు, అందరూ పెద్ద హెడ్డు అనేవారు, తన పాత యూనిఫారం తెచ్చి ఇచ్చాడు. పైన వెలిసి తెల్లబడిన ఖాకీ అది. దర్జీ మామ బ్లేడుతో దాని కుట్లన్నీ ఒక్కొక్కటే విప్పాడు. లోపలి వైపు గుడ్డకు ఎండ తగలదు గదా, రంగు కొత్తగానే ఉంది. ఆ లోపలి వైపును పైకి తిప్పి, పిల్లవాడి కొలతకు కత్తిరించి కుట్టాడు. మూడు సాయంత్రాలు నేను మెట్టు మీదే ఉన్నాను. పెద్ద హెడ్డు బల్లమీద కూర్చుని, "నేను రిటైరైనా నా బట్ట ఇంకోసారి డ్యూటీ ఎక్కింది సూడు మామా" అని మురిసిపోయాడు. ఆ మరునాడే కంటి ఆపరేషనుకని వేలూరులో కూతురింటికి వెళ్ళిపోయాడు. ఆయన ఊరు వెళ్ళాక ఆ గుడ్డ ఎక్కడిదో తెలిసినవాళ్ళం ముగ్గురమే మిగిలాం. తండ్రి, కొడుకు, నేను.

ఆ నెలలోనే ఖాకీ బట్టలు వేసుకున్న దొంగలు ఎక్కడో లారీలు ఆపి డ్రైవర్లను దోచుకున్నారని పుకారు వచ్చింది. దానికి తోడు ఏదో దూరపు ఊళ్ళో మతం గొడవలు జరిగి, మా బజారులో కూడా మాటలు తగ్గాయి. ఒక సాయంత్రం పక్కింటి కానిస్టేబులు మా అరుగు మీద కూర్చుని మా తాతయ్యతో ఆ సంగతే మాట్లాడుతున్నాడు. దొంగలకు ఖాకీ యాడ దొరుకుతా ఉండాదో కనుక్కోమని ఎస్సై వెంటపడుతున్నాడన్నాడు. నేను స్తంభానికి ఆనుకుని హోమ్‌వర్కు రాసుకుంటున్నాను.

తల ఎత్తకుండానే అన్నాను. "దర్జీ మామ కొట్లో ఖాకీ మిగలతా ఉంది. వాళ్ళోడికి కొత్త డ్రస్సు కుట్టినాడు. మొన్న ఎవరో తెలీనోళ్ళకి కూడా ఇచ్చినాడు."

కానిస్టేబులు నా వైపు తిరిగాడు. "నువ్వు సూసినావా చిన్నసామీ?"

"సూసినా."

మా తాతయ్య తాంబూలం పళ్ళెం పక్కకు జరిపి, "మావాడు అబద్ధం చెప్పడప్పా" అన్నాడు.

నేను కోరుకున్నది ఒక్కటే, ఎవరో ఒకరు పోయి ఆ డ్రస్సు లాక్కుపోవాలని. అంతకుమించి ఏం జరుగుతుందో నాకు తెలియదు. కానీ తెలియదన్నది ఇప్పుడు నాకు ఆసరా కాదు. ఒక మనిషి ఎన్నో ఏళ్ళుగా వేలెడు ముక్కను కూడా దారం కట్టి అప్పజెప్పి సంపాదించుకున్న నమ్మకం ఒక పక్క, నామం పెట్టుకున్న పిల్లవాడు పుస్తకం మీది చూపు తిప్పకుండా అన్న మాట ఒక పక్క. నా మాటే నెగ్గింది. నెగ్గుతుందని నాకు లోలోపల తెలుసు. తెలిసే అన్నాను.

మర్నాడు పొద్దున కొట్టు ముందు జీపు ఆగింది. ఎస్సై దిగి, "ఏమయ్యా సాయిబూ, ఎక్కు" అన్నాడు. ముందురోజు దాకా మాస్టరు అన్న నోరే. మిషను మీద సగం కుట్టిన చొక్కాను సూది కింద నుంచి మెల్లగా లాగి, మడిచి పెట్టి, చెప్పులు వేసుకుని దర్జీ మామ జీపెక్కాడు. కొలతలు రాసుకునే పుస్తకం, కొడుకు డ్రస్సు కూడా పట్టుకుపోయారు. వాడు జీపు వెనక మలుపు దాకా పరిగెత్తాడు. బజారంతా వాకిళ్ళలో నిలబడి చూసింది. కాసేపటికి వాళ్ళవాళ్ళు స్టేషను గేటు దగ్గర గుమిగూడారు, మావాళ్ళు టీ అంగడి దగ్గర. ఎవరూ చెప్పకుండానే రోడ్డుకు అటు వాళ్ళు, ఇటు మేము అయిపోయాం. నిజం రాయాలి కదా, ఆ క్షణాన నా మనసులో మొదట కలిగింది భయం కాదు. ఇక వాడు ఆ డ్రస్సు వెయ్యడన్న సంతోషం.

మధ్యాహ్నం మా తాతయ్య కండువా వేసుకుని, "నువ్వు చూసింది చూసినట్టే చెప్పావు కదా?" అని అడిగాడు. తల ఊపాను. ఆయన స్టేషనుకు బయలుదేరితే నేనూ వెనకే వెళ్ళాను. మమ్మల్ని వరండాలో నిలబెట్టారు. లోపల ఎస్సై బల్లమీద ఆ చిన్న ఖాకీ చొక్కా పరిచి ఉంది. బల్ల పక్కన తండ్రీ కొడుకులు నిలబడి ఉన్నారు.

పెద్ద హెడ్డు ఇచ్చిన పాత గుడ్డ అని దర్జీ మామ చెప్పాడు. "ఆయన వేలూర్లో ఉండాడు. నువ్వు విప్పి కుట్టింది సూసినోళ్ళు ఈ ఊళ్ళో ఎవురన్నా ఉండారా?" అన్నాడు ఎస్సై.

దర్జీ మామ తల తిప్పి వరండాలోకి చూశాడు. నన్ను చూశాడు. మూడు సాయంత్రాలు మెట్టు మీద కూర్చున్నవాణ్ణి ఆయన మరచిపోతాడా? సూదిలో దారం ఎక్కించడానికి పట్టేటంత సేపు ఆగాడు. నేను ఒక్క మాట అంటే చాలు. నా కాలి బొటనవేలిని చూసుకుంటూ నిలబడ్డాను. "ఆ పిల్లోణ్ణి అడగండి" అని ఆయన అంటాడేమోనని చెవులు రిక్కించాను. ఆయన అనలేదు. "ఒక బ్లేడు ఇప్పించండి సార్" అన్నాడు.

బ్లేడు తెచ్చి ఇచ్చారు. కొడుకు కళ్ళముందే చొక్కా భుజం కుట్టు విప్పాడు, పక్క కుట్టు విప్పాడు, చెయ్యి ఊడదీశాడు. విడిపోయిన ఛాతీ ముక్కను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. వరండాలో ఉన్న నాకు కూడా కనిపించింది. కొత్త కుట్టుతో సంబంధం లేకుండా ఇంకో వరస చిన్న చిన్న రంధ్రాలు, పెద్దమనిషి చొక్కాకు ఉండేటంత జేబు ఆకారంలో. దాని పైన పేరు బిళ్ళ గుచ్చి గుచ్చి పడిన రెండు పెద్ద చిల్లులు. తిప్పి చూపిస్తే లోపలి వైపు అంతా వెలిసిన ఖాకీ. ఎస్సై గుడ్డ చేతిలోకి తీసుకుని తన చొక్కా జేబు పక్కన పెట్టి చూసుకున్నాడు.

"సరే పో సాయిబూ, పని సూసుకో" అన్నాడు చివరికి. మాస్టరు అనలేదు. అక్కడ అది గమనించింది నేను, ఆయన, ఆయన కొడుకు. ముక్కలైన చొక్కాను, తిరిగి ఇచ్చిన కొలతల పుస్తకాన్ని చంకలో పెట్టుకుని వాడు నా పక్కనుంచే నడిచి వెళ్ళాడు.

ఇంటికి వచ్చే దారిలో మా తాతయ్య నా చెయ్యి పట్టుకోలేదు. నన్ను తిట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇంటి పరువు అనుకున్నాడేమో. కానీ ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ, మావాడు అబద్ధం చెప్పడన్న మాట ఆయన నోట మళ్ళీ వినలేదు.

ఆ సాయంత్రం నుంచే కానిస్టేబుళ్ళు ఒక్కొక్కరుగా వచ్చి, కత్తిరించని గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. "నీ మీద ఏమీ లేదు మామా, మాకెందుకు తలనొప్పి అని" అన్నాడు ఒకాయన, కళ్ళలోకి చూడకుండా. జీపు వచ్చినందుకు బజారంతా సాక్షి. లోపల చొక్కా విప్పి చూపించినందుకు బజారులో ఎవరూ సాక్షులు లేరు. గోడకు మేకులు మాత్రమే మిగిలాయి.

నాటకానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. డ్రస్సు లేదని అయ్యవారు తల పట్టుకుంటే వాడే లేచి, "నేను దొంగ వేస్తా అయ్యవారూ. నాకా మాటలు కూడా వచ్చు. వాణ్ణి పోలీసు వెయ్యమనండి" అన్నాడు. తెల్లవారి దర్జీ మామ నుంచి నాకు కబురు వచ్చింది, కొలతలు ఇచ్చి పొమ్మని.

పోకుండా ఉండటానికి ఏ సాకూ దొరకలేదు. ఆయన మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. భుజం కొలిచాడు, చెయ్యి కొలిచాడు. టేపు నా ఛాతీ చుట్టూ తిప్పి, చూసి, పుస్తకంలో అంకె వేసుకున్నాడు. మళ్ళీ నా ముఖం చూశాడు.

"ఊపిరి ఇడువు నాయనా. బిగబట్టుకుంటే కొలత తప్పుతాది."

అప్పుడు తెలిసింది నేను ఊపిరి బిగబట్టుకున్నానని. వదిలాను. వదులుతుంటే ఏడుపు వచ్చింది. ఆయన చూడనట్టే టేపు మళ్ళీ చుట్టి, ముందు వేసిన అంకె కొట్టేసి కొత్తది రాసుకున్నాడు. "ఎల్లుండి సాయంత్రం రా, వేసి సూస్తాం" అన్నాడు. అంతే. స్టేషను మాట ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. రోడ్డుకు అటూ ఇటూ నిలబడిన జనం ఆయనకు గుర్తున్నారేమో. లేదా పన్నెండేళ్ళవాడి పేరు ఆ బల్లమీద పెట్టడం ఇష్టం లేకపోయిందేమో.

వార్షికోత్సవం రోజు ఎస్సై ముందు వరస కుర్చీలో ఉన్నాడు. దర్జీ మామ వెనక గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. నేను ఎప్పటినుంచో కలలు కన్న ఖాకీ నా ఒంటి మీద ఉంది. స్టేషనులో విప్పిన ఆ ముక్కలనే అతుకు కూడా కనిపించనంత బాగా కలిపి కుట్టాడు. దొంగ పరిగెత్తాడు, నేను వాణ్ణి కాలరు పట్టుకుని ఆపాను. తర్వాత నా మాట "నిజం చెప్పు." అది రాలేదు. జనం ఎదురు చూస్తున్నారు. నా పిడికిట్లో కాలరు, కాలరులో వాడి మెడ.

వాడు పెదవులు కదలకుండా, నాకొక్కడికే వినబడేలా అన్నాడు. "నిజం చెప్పమని అడగరా."

అడిగాను. వాడు దొంగగా నిజం ఒప్పుకుని ఏడిస్తే ఆడవాళ్ళు పమిట కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లన్నీ వాడికే. ఇది కూడా రాయాలి, ఆ చప్పట్లు విని నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది. అంత జరిగాక కూడా. అప్పుడే వెనక గోడ దగ్గర దర్జీ మామ చెయ్యి ఎత్తి తన మెడ వెనక తడుముకోవడం కనిపించింది. నా కాలరు లోపలికి మడతపడింది, సరిచేసుకొమ్మని సైగ.

పెద్ద హెడ్డు వేలూరు నుంచి వచ్చి స్టేషనుకు పోయి ఆ గుడ్డ తనదేనని చెప్పాడు. అందరూ విన్నారు. ఖాకీ మాత్రం తిరిగి రాలేదు. మరుసటి ఏడు ఆ కుటుంబం పూతలపట్టుకు మారిపోయి, అక్కడ బస్సు సీట్లకు రెగ్జిను కవర్లు కుట్టుకుని బతికింది. మాట మాత్రం మా ఊళ్ళోనే ఉండిపోయింది. ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగింది.

మొన్న వినాయక చవితికి ముందు స్టేషనులో శాంతి సంఘం సమావేశం పెట్టారు. గుడి తరఫున నన్ను పిలిచారు. మసీదు తరఫున వచ్చిన పెద్దల్లో దర్జీ మామ కొడుకు కూడా ఉన్నాడు. నాలుగేళ్ళ కిందట ఊరికి తిరిగి వచ్చాడు, వీధిలో ఎదురైతే తల ఊపుకుంటాం. మాటల్లో మావైపు కుర్రాడొకడు, "ఈ ఊళ్ళోనే ఒకప్పుడు దర్జీ సాయిబు దొంగలకి ఖాకీ కుట్టిచ్చినాడంట సార్, మా నాయన చెప్పినాడు. జాగ్రత్తగా ఉండాల గదా" అన్నాడు. అవతలి వరసలో అందరూ కిందికి చూశారు. వాడూ చూశాడు.

నేను లేచి నిలబడ్డాను. ఆ మాట పుట్టించింది నేనేనని, అది అబద్ధమని, ఎందుకు ఆడానో కూడా చెప్పాను. నాటకంలో వేషం కోసం అంటే కొంతమంది నవ్వారు. కొత్త ఎస్సై కుర్రవాడు, పెన్ను ఆపి, "ఇప్పుడెందుకు లెండి సార్ అయ్యి" అన్నాడు మర్యాదగానే. ఇక్కడే గదా సార్ ఆ చొక్కా విప్పింది అన్నాను. అతను పెన్నుకు మూత పెట్టాడు.

బయట టీ అంగడి దగ్గర వాడు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "మా అబ్బాకి అప్పుడే తెలుసప్పా. నాకూ తెలుసు. బొటనవేలు సూసుకుంటా నిలబడినావు గదా."

"మరి ఆయన నన్నెందుకు అడగమనలేదు?"

"అడిగుంటే చెప్పుంటావా?"

వాడు క్షమించానని అనలేదు. నేను అడగలేదు. వారం తర్వాత ఇంటికి రమ్మన్నాడు. ఒక గుడ్డమూట విప్పి వాళ్ళ నాయన కొలతల పుస్తకం తీశాడు. పేజీ పేజీకి కానిస్టేబుళ్ళ పేర్లు, నంబర్లు. చివరి ఖాకీ పేజీ నాది. నా పేరు, భుజం, చెయ్యి. ఛాతీ దగ్గర ఇరవై ఆరు అని వేసి కొట్టేసి, పక్కనే ఇరవై నాలుగున్నర అని ఉంది. ఆ తర్వాత అన్నీ సీట్లు, కవర్లు.

చూడటం అయ్యాక వాడు పుస్తకాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి దారంతో కట్టాడు, వాళ్ళ నాయన ఖాకీ ముక్కలు కట్టినట్టే, అదే ముడి. అంత జాగ్రత్తగా దాచుకోదగ్గ నాయన ఉన్నందుకు, ఈ వయసులో కూడా, నాకు వాడిమీద అసూయ కలిగింది. అది పోతుందని నేనిక అనుకోవడం లేదు. నేను చేయగలిగింది ఒక్కటే. ఎవరైనా వచ్చి ఫలానా మనిషి గురించి నీకేం తెలుసని అడిగినప్పుడు, ముందు ఊపిరి వదులుతాను. ఆ తర్వాతే నోరు తెరుస్తాను.